పాతబొమ్మల చిత్రాలు: ఒక పరిశీలన

పండునో కూజానో ఎదుట పెట్టుకొని తైలవర్ణాలలో చిత్రించడం ఒక ఎత్తు, కొండపల్లి బొమ్మను చిత్రించడం ఒక ఎత్తు. బొమ్మకు అప్పటికే వేరొకరు రంగులు వేసి, కనుబొమలు దిద్ది ఉంటారు. వాటినే తిరిగి దిద్దిన చిత్రకారుడు తనదిగా ఏమి చేర్చినట్లు?

మదీనత్ ఖలీఫాలో సంక్రాంతి కొలువుల పేరంటాలకు వెళ్ళినప్పుడు ఇటువంటి చిత్రాలను గోడలమీద చూస్తుంటాను. అంబారీ ఏనుగు, దశావతారాలు, పక్కన దీపపు సెమ్మె. నైపుణ్యానికి లోటు లేదు. కాని బొమ్మలన్నీ నిన్ననే అంగడిలో కొన్నట్లు మెరుస్తుంటాయి. కొండపల్లిలో తెల్లపొణికి కొయ్యను చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో భాగాలను అతికి, సున్నం పూసి, ఆపైన రంగులు వేస్తారు. బొమ్మ పాతబడితే రంగు వెలిసి సున్నం బయటపడుతుంది, సున్నం రాలి కొయ్య బయటపడుతుంది. తొండం అతుకు దగ్గర పగులు, పసిచేతుల రాపిడికి అరిగిన వీపు, ఇవి లేని చిత్రంలో బొమ్మ ఉంటుంది గాని దాని వయస్సు ఉండదు.

కలకత్తా చిత్రకారుడు బికాశ్ భట్టాచార్య 1970ల తొలినాళ్ళలో, నక్సలైటు ఉద్యమపు హింస నగరాన్ని కమ్మినవేళ, ఆటబొమ్మలతో ఒక చిత్రమాలిక వేశారు. ఆ బొమ్మలు ముద్దుగా ఉండవు. ఏదో ఘోరం జరిగిన చోట వదిలివేసిన పిల్లలవలె ఉంటాయి. అచ్చులో వాటిని చూసి మా మనవరాలు ముఖం తిప్పుకొన్నది. మన కొలువు బొమ్మలు అంతగా భయపెట్టనక్కరలేదు. అయినా ఇంట జరిగినదానికి బొమ్మ సాక్షి అని ఆయన గుర్తించారు. మన చిత్రకారులు ఆ సాక్షికి కొత్తబట్టలు కట్టి కూర్చోబెడుతున్నారు.

ఈ విషయంలో నాకు కొంత పక్షపాతం ఉన్నమాట నిజం. మా పూర్వులు మారిషస్ చెరకుతోటలకు ఒప్పందపు కూలీలుగా వెళ్ళినవారు. వారినుండి మా ఇంటికి ఒక్క బొమ్మ కూడా రాలేదు. తెలుగు అక్షరాలు సైతం నేను ఉద్యోగ విరమణ తరువాత సాయంకాలపు తరగతులలో దిద్దినవే. అందుచేత అరిగిన బొమ్మ ఉన్న ఇంటిని చూస్తే నాకు అసూయ, ఆ అరుగును రంగుతో కప్పినవారిని చూస్తే కోపం.

ఈ ఏడు ఒక ఇంట మాత్రం ఒక చిన్న చిత్రం ముందు చాలాసేపు నిలబడ్డాను. తిరుపతి ఎర్రచందనపు ఆలుమగల బొమ్మల జంట. ఆమె ముక్కు దాదాపు అరిగిపోయింది. మెడ మడతలో ఎన్నటి పసుపో ఇంకా మిగిలి ఉంది. చిత్రించిన అమ్మాయి పదో తరగతి చదువుతున్నదట. పక్కన ఆ ఇత్తడి చెంబు లేకుంటే ఇంకా బాగుండేది.