పొదిగెడు పెట్ట

నాటుపెట్ట ఏడాదికి పెట్టు గుడ్లు ఏబదో అరువదో యని వినగానే పెదవి విరుచు పట్టణవాసులు, గుడ్లు మానిన దినములలో ఆ పెట్ట చేయుచున్న పనియేదో విచారింపరు. హరిదాస కీర్తనకారులైన విజయదాసులవారు 1755లో దేహము చాలించిన చిప్పగిరిలో కూర్చుండి కోడిని గూర్చి వ్రాయుట కొందరికి రుచింపకపోవచ్చును గాని, కోడి కూయనిదే ఈ యూర సేద్యగానికి తెల్లవారదు.

మా వీథి అవ్వ, పెట్ట పొదుగుకు వచ్చినదని తెలియగానే, గంపలో ఇసుక పోసి, పాతగుడ్డ పరచి, పండ్రెండు గుడ్లు పేర్చి, ఉరుములకు మురిగిపోకుండుటకై వాని నడుమ బొగ్గును, ఇనుపముక్కను, ఎండుమిరపకాయను ఉంచును. ఇనుపముక్క మహిమయందు నాకు నమ్మకము లేదు. పెట్ట మహిమయందు కలదు. అంచున చల్లబడిన గుడ్డును ముక్కుతో నడుమకు లాగుకొనుచు, అన్నిటిని మాటిమాటికి దొర్లించుచు, నాలుగు గింజలకై కాసేపు లేచి మరల వచ్చి కూర్చుండుచు, ఇరువదియొక్క దినములు కరెంటుతో పనిలేని యంత్రమై అది నిలుచును.

హైదరాబాదు రాజేంద్రనగరములోని కోళ్ల పరిశోధనాలయము రూపొందించిన వనరాజా, పెరటిలో తిరిగియు ఏడాదికి నూరు గుడ్ల వరకు పెట్టి, మాంసమునకును త్వరగా ఎదుగును. ఆ మేలు కాదనరాదు. అయితే గుడ్ల సంఖ్యకై తరతరముల ఎంపిక జరిగిన కోళ్లలో పొదిగెడు గుణము సన్నగిల్లును. సంకరజాతి యగుటచే దాని పిల్లలు తల్లికి సరిరావు. "అది పొదగదు నాయనా, పిల్లలకు మళ్లా దుడ్డు పెట్టల్ల" అని అవ్వ ఒక్కమాటలో తేల్చినది. ఆమె వనరాజా గుడ్లను నాటుపెట్ట క్రిందనే పొదిగించును.

నాటుపుంజు ఎదుగుటకు ఆరునెలలకు పైబడును, ఉడుకుటకును ఓపిక కావలెను; కాని రాగిసంకటికి ఆ పులుసే పులుసు. ఊరి దేవరకు బ్రాయిలరును మించిన ధర పలికి, అదే చేతిరొక్కమగును.

ఇంతటి సంపదను కొక్కెర తెగులు కొన్నినాళ్లలో తుడిచివేయును. టీకా గలదు, కాని సీసాకు వందలకొలది కోళ్ల మోతాదుండి, కలిపిన కొద్దిగంటలలోనే వాడవలసియుండుటచే, అయిదు కోళ్లున్న అవ్వ ఒంటరిగా తెచ్చుకొన్న ప్రయోజనము లేదు. కోళ్లు గూళ్లు చేరిన సాయంకాలము వీథియంతయు కూడి వేయించుకొనవలెను; అదియు ఎండలు ముదరకమునుపే.