బీజం, క్షేత్రం, అద్దె

మగవాడు ఇస్తే వీర్యదానం. స్త్రీ ఇస్తే, కణమాత్రమైతే అండదానం; తొమ్మిది నెలలు మోసి, కని ఇస్తే మాత్రం అద్దె గర్భం. పత్రికల్లోనూ, చదువుకున్నవాళ్ల సంభాషణల్లోనూ స్థిరపడిపోయిన మాటలివి. అతి తక్కువ శ్రమకు దానమనే గౌరవమూ, అతి ఎక్కువ శ్రమకు గది కిరాయికి వాడే మాటా ఎట్లా దక్కాయి? భాషలో ఇటువంటివి యాదృచ్ఛికంగా జరగవు. వీటి వెనక ఒక ఆస్తి సంబంధం వుంది.

ఆ సంబంధం పాతది. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో బీజక్షేత్ర విచారం వుంది. పరుల పొలంలో విత్తనం చల్లినవాడికి పంట రాదు, పొలం గలవాడికే వస్తుందని అక్కడి తీర్పు. పొలం భార్య, పొలం గలవాడు భర్త. నియోగం వల్ల పుట్టిన బిడ్డకు క్షేత్రజుడని పేరు. స్త్రీకీ భూమికీ పోలిక కవిసమయమని మేము తరగతిలో చెప్పి వూరుకుంటాము గాని, అది కవిత్వం కన్న ముందు దస్తావేజు. పొలాన్ని ఎవరూ సమ్మతి అడగరు.

ఆదిపర్వంలోని నియోగ కథను ఈ దృష్టితో మళ్లీ చదవవలసి వుంది. విచిత్రవీర్యుడు సంతానం లేకుండా పోయాడు. వంశం నిలపటానికి సత్యవతి తన కానీన పుత్రుడు వ్యాసుణ్ణి పిలిపించింది. సంస్కృత మూలంలో ఇక్కడ ఒక చిన్న వివరం వుంది. బావగారు వస్తాడని మాత్రమే సత్యవతి అంబికకు చెప్పింది. ఏ బావగారో చెప్పలేదు. అంబిక భీష్ముణ్ణీ, తక్కిన కురువీరులనూ తలుచుకుంటూ పడుకున్నది. వచ్చినవాడు జడలు కట్టిన ముని. ఆమె కళ్లు మూసుకున్నది, కొడుకు గుడ్డివాడైనాడు. అంబాలిక పాలిపోయింది, కొడుకు పాండువర్ణుడైనాడు. ఆ స్త్రీల శరీరాలు చెప్పగలిగిన ఒకే ఒక 'వద్దు'ను కథ బిడ్డల మీద లోపంగా వేసి, తప్పు తల్లులకు అంటగట్టింది. మళ్లీ వెళ్లమంటే అంబిక తన నగలు పెట్టి దాసిని పంపింది. దాసి మునిని సేవించింది, దాస్యవిముక్తి పొందింది, విదురుణ్ణి కన్నది. ఆమె పేరు మాత్రం కథలో లేదు. ఆమె సంతోషంగానే ఒప్పుకున్నదని పండితులనవచ్చు. కాదనే వీలు లేని మనిషి ఒప్పుదలను సమ్మతి అనవచ్చునా?

అదే పర్వంలో కుంతి వుంది. మంత్రం ఆమె చేతిలో వుంది. ముగ్గురు కొడుకులైన తరువాత పాండురాజు ఇంకా కావాలంటే ఆమె ఒప్పుకోలేదు. ధర్మశాస్త్రం మీద ఆనుకునే ఆ మాట అన్నది, నిజమే. అన్నది మాత్రం తానే. ఆదిపర్వంలో ఇంతకన్న విలువైన తిరస్కారం నాకు కనిపించదు.

పురాణకాలపు సంగతులని తోసిపుచ్చటానికి వీలులేదు. 2008లో గుజరాతులోని ఆనంద్‌లో జపాను దంపతుల కోసం ఒక స్త్రీ బిడ్డను మోసింది. అండం పేరు తెలియని మరొక స్త్రీది. ప్రసవానికి ముందే దంపతులు విడిపోయారు. బిడ్డ తనకక్కరలేదని భార్య అన్నది. జులైలో పాప పుట్టింది. ముగ్గురు తల్లులు వుండవలసిన పిల్లకు కాగితాల మీద ఒక్క తల్లీ లేకపోయింది. నాయనమ్మ వచ్చి కనిపెట్టుకుని వున్నది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. నవంబరులో గాని పాప జపానుకు బయలుదేరలేదు. ఇంత చర్చలోనూ మోసినామె సంగతి ఎవరికీ ముఖ్యం కాలేదు. విదురుడి తల్లిలాగే.

2021లో సహాయక పునరుత్పత్తికి ఒకటి, సరోగసీకి ఒకటి, రెండు చట్టాలు వచ్చాయి. వీటిలో మంచి లేకపోలేదు. వీర్యమిచ్చేవాడికి పోయేది దాదాపు ఏమీ లేదు. అండమిచ్చే స్త్రీకి రోజుల తరబడి హార్మోను సూదులు, మత్తు, లోపలికి సూది పంపి అండాలు తీయటం. ఒక్కోసారి అండాశయాలు వాచి ప్రాణం మీదికి కూడా వస్తుంది. అందుకని 23–35 ఏళ్ల మధ్య స్త్రీ జన్మలో ఒక్కసారే ఇవ్వాలనీ, ఏడు అండాలకు మించి తీయరాదనీ, ఆమెకు పన్నెండు నెలల బీమా చేయాలనీ చట్టం కట్టడి చేసింది. బిడ్డ కోరుకున్న దంపతులదే, దాతకు హక్కులేదు అని తేల్చింది. బిడ్డ భద్రతకు ఇది అవసరం. అయితే వెనకటి పొలం తీర్పే కొత్త రూపంలో వచ్చిందని గమనించకుండా వుండలేము. పొలం గలవాడి స్థానంలో ఖర్చు పెట్టుకున్నవాడు నిలిచాడు.

పెళ్లికాని స్త్రీ దాత వీర్యంతో తల్లి కావచ్చు. సరోగసీ మాత్రం ఒంటరి స్త్రీలలో వితంతువుకూ, విడాకులు పొందినామెకూ, అదీ 35–45 మధ్యనే. తర్కమేమిటో అంతుపట్టదు.

అసలు చిక్కు వేరే వుంది. సరోగసీలో మోసే స్త్రీకి వైద్యపు ఖర్చులూ బీమా తప్ప దమ్మిడీ ఇవ్వరాదు. బీదరికం గర్భాన్ని అమ్మించకూడదనే ఉద్దేశం గొప్పదే. ఆ అంగడిని మళ్లీ తెరవమని నేను అనటం లేదు. కాని డాక్టరుకు ఫీజు వుంది, ఆసుపత్రికి బిల్లు వుంది, వకీలుకు రుసుము వుంది. ఈ వరసలో త్యాగం చేయవలసినది ఒక్క మోసే మనిషేనా? దానమంటే కలవాడు లేనివాడికి ఇచ్చేది. ఇక్కడ లేనిది కలవాళ్లకు ఇస్తున్నది. దీన్ని దానమనటం భాషాద్రోహం.

సినిమాలకు ఈ వస్తువులో నవ్వు దొరికింది. హిందీలో 2012లో వచ్చిన 'విక్కీ డోనర్' మన తెలుగులో 2016లో 'నరుడా డోనరుడా' అయింది. వీర్యదానం మాటను ఇంటింటికీ తెచ్చి, గొడ్రాలనే తిట్టు వెనక మగవాడి లోపం వుండవచ్చునని చెప్పటం ఆ కథ చేసిన మేలు. హిందీ చిత్రంలో దాత ఒక్కడు, పిల్లలు పదుల్లో. ఇప్పటి చట్టం ఒక దాత కణాలు ఒక్క జంటకే ఇమ్మంటుంది. అండమిచ్చే ఆడదాన్ని నాయికగా పెట్టి ఇంత సరదాగా కథ అల్లగలరా అన్నది నా సందేహం. సూదులూ మత్తూ నవ్వించవు.

ఇక మన పని. సరోగసీ చట్టంలో రెండు మాటలున్నాయి: ఆ స్త్రీ సమ్మతిని ఆమెకు అర్థమయ్యే భాషలో రాసి తీసుకోవాలి, పిండం గర్భంలో పెట్టేదాకా ఆమె కాదనవచ్చు. కుంతి మాటకు చట్టంలో దొరికిన చోటు ఇది. కాని ఆ భాష ఎవరు రాస్తారు? అనువాద శాఖల సమాసాల తెలుగులో రాసిన ఒప్పుదల కాగితం ఇంగ్లీషు కాగితం కన్న మేలు కాదు. కూలికి పోయే స్త్రీ చదివించుకుని, తిరిగి ప్రశ్న వెయ్యగలిగిన తెలుగు కావాలి. అది రాయటం రచయితల పని. మన సంఘాలు పూనుకోవచ్చు. మొదటి వాక్యంలో అద్దె గర్భమన్న మాట కొట్టేసి, 'మోసి కన్న తల్లి' అని రాయటానికి అభ్యంతరం ఎవరికి?