కాలి మాట, మద్దెల జవాబు: చిత్తూరు, తిరుపతి ప్రాంతపు నర్తకులు, గురువులు, వాద్యకారులు

ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
1. పాదధ్వని ప్రధానమైన నృత్యాన్ని విమర్శకుడు ఏ కొలతలతో చూడాలో వివరించగలుగుతారు.
2. వీధినాటకం, చెక్క భజన, కూచిపూడి తరంగం అనే మూడు రూపాల్లో అడుగుకూ వాద్యానికీ ఉన్న సంబంధాన్ని పోల్చగలుగుతారు.
3. నర్తకుడు, గురువు, వాద్యకారుడు అనే ముగ్గురి జీవికలు ఏ విధంగా వేరుపడ్డాయో చర్చించగలుగుతారు.

1. పరిచయం

నృత్యాన్ని గురించి తెలుగులో వచ్చిన విమర్శను గమనిస్తే ఒక విషయం తేలుతుంది. మనవాళ్ళు ముఖాన్ని గురించి ఎక్కువగా రాశారు, పాదాన్ని గురించి తక్కువగా రాశారు. సత్యభామ చూపు, జడ విసురు, విరహం, కలహం వంటి వాటికి పేజీలు కేటాయించారు. ఆ చూపుకు కింద కాలు ఏం చేస్తున్నదో, ఆ కాలికి మృదంగం ఏం చెబుతున్నదో ఒక వాక్యంతో సరిపెట్టారు. కారణం ఊహించడం కష్టం కాదు. మన విమర్శకుల్లో చాలామంది సాహిత్యం చదివి వచ్చినవారు. పాటలోని మాట వారికి తెలుసు, జతిలోని మాట తెలియదు.

ఈ పాఠంలో కాలి నుంచి మొదలుపెడదాం. ఉదాహరణలు చిత్తూరు, తిరుపతి ప్రాంతం నుంచి తీసుకుంటున్నాను. 2022 ఏప్రిల్ 4న ఇవి రెండు జిల్లాలయ్యాయి కాని, ఆటపాటల విషయంలో ఇప్పటికీ ఒకటే సీమ. ఒకవైపు తమిళనాడు సరిహద్దు, మరోవైపు కడప, ఇంకోవైపు నెల్లూరు ఉండటం వల్ల ఇక్కడి అడుగులో మూడు వైపుల నడకా కనబడుతుంది.

2. అడుగు ధ్వనిగా మారినప్పుడు

అడుగు రెండు పనులు చేయగలదు. శరీరాన్ని ఒక చోటి నుంచి మరో చోటికి తీసుకుపోవడం మొదటిది. నేలను తాకి శబ్దం పుట్టించడం రెండవది. రెండవ పని ప్రధానమైనప్పుడు నర్తకుడు వాద్యకారుడు కూడా అవుతాడు.

ప్రపంచంలో దీనికి బాగా తెలిసిన ఉదాహరణ అమెరికాలోని ట్యాప్ డాన్స్. బానిసలుగా తీసుకురాబడిన ఆఫ్రికన్ ప్రజల లయజ్ఞానమూ, ఐర్లాండ్, ఇంగ్లండ్‌ల నుంచి వచ్చిన వలసజనుల పాదనృత్యాలూ కలిసి అది పుట్టింది. బూటు ముందుభాగానికీ మడమకూ లోహపు రేకులు బిగిస్తారు. దానితో బూటే తాళవాద్యం అవుతుంది. మెట్ల మీద నాట్యానికి ప్రసిద్ధుడైన బిల్ రాబిన్సన్ (1878–1949) పుట్టినరోజైన మే 25ను అమెరికా ప్రభుత్వం 1989లో జాతీయ ట్యాప్ దినంగా ప్రకటించింది. అయితే ఆ గౌరవానికి ముందు ఒక చేదు అధ్యాయం ఉంది. 1950ల నాటికి పెద్ద వాద్యబృందాలు తగ్గిపోయి, వినోదశాలల పద్ధతి మారిపోయేసరికి ఎందరో ట్యాప్ కళాకారులు పని లేక వేరే వృత్తులు వెతుక్కున్నారు. వాద్యబృందం పోతే నర్తకుడూ పోతాడని ఆ చరిత్ర చెబుతున్నది. ఈ మాటను గుర్తు పెట్టుకోండి. పాఠం చివర మనకు మళ్ళీ అవసరమవుతుంది.

కథక్ గురువు చిత్రేశ్ దాస్ (1944–2015), ట్యాప్ నర్తకుడు జేసన్ శామ్యూల్స్ స్మిత్ కలిసి ఒకే వేదిక మీద ప్రదర్శనలిచ్చారు. ఒకరిది గజ్జె కట్టిన ఒట్టి పాదం, మరొకరిది లోహపు రేకుల బూటు. వారి మధ్య సంభాషణకు సాహిత్యం అవసరం కాలేదు. లెక్క ఒకటైతే చాలు.

3. వీధినాటకం: బరువు కింద కాలు

చిత్తూరు ప్రాంతపు పల్లెల్లో ద్రౌపదీ ధర్మరాజుల ఆలయాల దగ్గర మహాభారత ఉత్సవాలు జరుగుతాయి. అనేక చోట్ల అవి 18 రోజులు సాగుతాయి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. బకాసుర వధ, ద్రౌపదీ కల్యాణం, అర్జున తపస్సు వంటి ఘట్టాలు నడిచి, చివరకు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర దుర్యోధన వధతో, నిప్పులగుండంతో ముగుస్తాయి. ఊరివాళ్ళు దీన్ని నాటకం అనరు. "భారతం ఆడుతున్నారు" అంటారు.

రాజు వేషగాణ్ణి చూడండి. తలమీద చెక్కతో చేసి అద్దాలు పొదిగిన కిరీటం, భుజాలమీద భుజకీర్తులు, నడుముకు బరువైన ఉడుపు, కాళ్ళకు గజ్జెలు. ఇద్దరు మనుషులు పట్టుకున్న తెర వెనుక నుంచి అతడు ముందుగా వినబడతాడు, తరువాత కనబడతాడు. తెర దిగేలోపే గజ్జెల మోత వల్ల వచ్చేది భీముడా, ధర్మరాజా అన్నది ప్రేక్షకుడు పోల్చుకుంటాడు.

ఇక్కడ విమర్శకుడు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. ఈ ఆటలో నడుము, మెడ, చేతులు అంత పరిమితంగా ఎందుకు కదులుతాయి? కళాకారుడికి చేతకాకనా? కాదు. పైభాగమంతా ఆభరణాల బరువుతో బిగిసి ఉంటుంది. వెనుక వరుసలో కూర్చున్నవారికి ముఖంలోని సూక్ష్మభావం కనబడదు. అందువల్ల కోపం, గర్వం, తొందర అన్నీ కాలిలోకి దిగాయి. శాస్త్రీయ నృత్యపు కొలతతో చూసి ఇందులో "అభినయం లేదు" అనేవారు, అభినయం ఎక్కడ ఉన్నదో వెతకలేదని మాత్రమే చెప్పగలం.

గిరికీలు తిరిగిన వేషగాడు ఎక్కడ ఆగాలో నిర్ణయించేది మద్దెల. వేషగాడు అలసిపోయాడని మద్దెలగాడికి ప్రేక్షకుడికంటే ముందే తెలుస్తుంది. ముక్తాయింపును ఒక ఆవృత్తం ముందుకు తెచ్చి అతణ్ణి కాపాడతాడు. రాత్రంతా ఆడే ఆటలో ఇది ఎన్నిసార్లు జరుగుతుందో లెక్కపెట్టినవారు లేరు.

4. చెక్క భజన: సమూహపు అడుగు

చెక్క భజనలో వాద్యం నర్తకుడి చేతిలోనే ఉంటుంది. లోహపు బిళ్ళలు పొదిగిన చెక్కలను చేతిలో ఆడిస్తూ, గజ్జె కట్టిన కాళ్ళతో వరుసగానూ వలయంగానూ కదులుతారు. రామాయణ భారత కథలు పాడుతారు. చేయి ఒక లయ, కాలు ఒక లయ, గొంతు ఒక లయ. మూడూ ఒక దగ్గర కలవాలి.

ఇందులో ఒక్కడి ప్రతిభకు చప్పట్లు రావు. పదిమందిలో ఒక్కడు తప్పితే మాత్రం అందరికీ వినబడుతుంది. కాబట్టి దీని విలువను కట్టేటప్పుడు "ఎవరు బాగా ఆడారు?" అన్న ప్రశ్న పనికిరాదు. "నడక పెంచినప్పుడు శబ్దం చీలిందా, ఒక్కటిగా నిలిచిందా?" అని అడగాలి. తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనసేవల ముందు మాడవీధుల్లో సాగే బృందాలను ఈ ప్రశ్నతో వినండి. ముందు కళ్ళు మూసుకుని వినండి, తరువాత చూడండి. తేడా మీకే తెలుస్తుంది.

5. కూచిపూడి తరంగం: పళ్ళెం అంచున ఒక సందేహం

తిరుమల తిరుపతి దేవస్థానం 1959లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలను స్థాపించింది. దీని ప్రాముఖ్యం అర్థం కావాలంటే కాస్త వెనక్కి పోవాలి. తిరుమల తిరుపతి శాసనాల్లో ఆలయోత్సవాల సందర్భంగా సానుల ప్రస్తావన ఉంది. కార్వేటినగరం సంస్థానం పదకర్త సారంగపాణికి ఆశ్రయమిచ్చింది. ఆలయం, సంస్థానం అనే రెండు ఆధారాలూ ఇరవయ్యో శతాబ్దం నడిమికి తొలగిపోయాయి. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ విధానాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఒక దురాచారం పోయింది. దానితోపాటు ఆ స్త్రీల చేతుల్లో ఉన్న విద్య కూడా వారి నుంచి ఇతరుల చేతుల్లోకి మారింది. ఆ ఖాళీలోకి కళాశాల వచ్చింది. గురువు నెలజీతం తీసుకునే ఉద్యోగి అయ్యాడు, విద్య సర్టిఫికెట్‌గా, డిప్లొమాగా మారింది.

కూచిపూడిలో సామాన్య ప్రేక్షకుణ్ణి ఎక్కువగా ఆకర్షించేది తరంగం. నారాయణతీర్థుల కృష్ణలీలా తరంగిణిలోని కీర్తనకు నర్తకి ఇత్తడి పళ్ళెం అంచున నిలిచి, ఒక్కొక్కసారి తలమీద చెంబు పెట్టుకుని ఆడుతుంది. పళ్ళెం రాగానే సభ చప్పట్లతో నిండుతుంది.

ఇక్కడ నా సందేహం చెబుతాను. పాదం వేళ్ళు అంచును పట్టుకున్న తరువాత మడమ విడిగా నేలను కొట్టలేదు. నేలమీద నాలుగు రకాలుగా పలికే కాలు పళ్ళెం మీద దాదాపు ఒకే రకంగా పలుకుతుంది. అంటే లయ వైవిధ్యం పెరగడానికి బదులు తగ్గుతుంది. మరి పళ్ళెం విలువ ఎక్కడుంది? కాలప్రమాణంలో ఉంది. అంత ఇరుకైన ఆధారం మీద కూడా నడక పరుగెత్తకుండా, ఈడ్చకుండా నిలిస్తే అది విద్య. పడిపోకుండా నిలవడం మాత్రమే కనబడితే అది విన్యాసం. ఈ రెండింటినీ వేరు చేయడానికి విమర్శకుడు పళ్ళెం వైపు కాక మృదంగం వైపు చెవి పెట్టాలి. మృదంగం నర్తకి కోసం నడకను సర్దుకుంటున్నదా, నర్తకి మృదంగంతో సమంగా నడుస్తున్నదా? జవాబు అక్కడే దొరుకుతుంది.

6. ముగ్గురి జీవికలు

పై రూపాలన్నిటిలోనూ ముగ్గురు మనుషులు కనబడుతున్నారు. వారి బతుకుదారులు ఒకటి కావు.

నర్తకుడి కాలం తక్కువ. మోకాలు, మడమ అరిగేవరకే అతని వృత్తి. ఆ తరువాత నేర్పడమే దారి. అందువల్ల నేటి గురువుల్లో ఎక్కువమంది నిన్నటి నర్తకులు.

గురువుకు రెండు మార్గాలున్నాయి. పల్లెలో ఆట నేర్పే అయ్యవారు పొరుగూరి నుంచి వచ్చి, రాత్రిపూట రామాలయం ముందు నెలల తరబడి నేర్పి, గజ్జెపూజనాడు తాంబూలంతో ఇచ్చినది తీసుకుని మరో ఊరికి పోతాడు. పట్నంలో శిక్షణాలయం నడిపే గురువు నెలనెలా ఫీజు తీసుకుంటారు. మొదటివారికి ఊరి పంటను బట్టి ఆదాయం, రెండవవారికి పిల్లల పరీక్షల కాలాన్ని బట్టి ఆదాయం. పదవ తరగతి రాగానే ఆగిపోయే గజ్జెలు ఎన్నో.

వాద్యకారుడి పరిస్థితి అన్నిటికంటే సున్నితమైనది. వెంపటి చినసత్యం (1929–2012) 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి చేసిన నృత్యనాటకాలు జగత్ప్రసిద్ధం. వాటిలో అనేకానికి సంగీతం కూర్చిన పట్రాయని సంగీతరావు (1920–2021) పేరు ఎంతమంది ప్రేక్షకులకు తెలుసు? అంతటివారికే అలా జరిగితే, జిల్లా స్థాయి మృదంగకారుని సంగతి చెప్పనక్కరలేదు.

పైగా ముద్రిత సంగీతం వచ్చింది. వేదిక ఖర్చులో పెద్దభాగం వాద్యబృందానికే అవుతుంది కాబట్టి, తల్లిదండ్రులు క్యాసెట్‌కూ, సీడీకీ, ఆ తరువాత పెన్‌డ్రైవ్‌కూ మళ్ళారు. వారిని నిందించలేం. కాని నష్టమేమిటో చెప్పడం విమర్శకుడి బాధ్యత. ముద్రిత సంగీతం ఎవరి కోసమూ ఆగదు, అలసిన కాలిని గుర్తించదు, ముక్తాయింపును ముందుకు తేదు. దానితో ఆడే బిడ్డ లెక్క తప్పకుండా ఆడటం నేర్చుకుంటుంది, జవాబు చెప్పడం నేర్చుకోదు. అమెరికాలో వాద్యబృందం పోయినప్పుడు ట్యాప్‌కు ఏమైందో పైన చూశాం.

7. ఒక సవరణ

చాలా ఏళ్ళ కిందట నేను ఒక వీధినాటకం మీద వ్యాసం రాశాను. కిరీటం కొలతలు, ముఖానికి వేసే రంగులు, పద్యాల ఛందస్సు అన్నీ వివరంగా రాశాను. అచ్చయిన ప్రతిని తీసుకుని ఆ ఊరికి వెళ్ళాను. బృందమంతా చుట్టూ కూర్చుంటే చదివి వినిపించాను. మద్దెల వాయించే పెద్దాయన చివరిదాకా విన్నాడు. పగలు ఆయన కూలి పనికి పోయేవాడు. వ్యాసం ముగిశాక, ఆ రాత్రి మద్దెల ఎవరు వాయించారని రాశావు సారూ, అని అడిగాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. తన పేరు ఉంటుందనుకున్నాడు. నేను రాయలేదు. వాద్యాలు అన్న ఉపశీర్షిక కింద ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాను.

అది మరుపు కాదని ఇప్పుడు అనుకుంటున్నాను. నాకు వినడం రాలేదు. వినడం రానివాడికి పేరు అవసరం అనిపించదు. ఆ వ్యాసాన్ని సవరించి మళ్ళీ రాసేనాటికి ఆయన లేడు. ఈ పాఠం రాయడానికి అది కూడా ఒక కారణం.

ఈ పుస్తకం చదువుతున్న మీలో కొందరు స్వయంగా గజ్జె కట్టినవారో, చెక్కలు పట్టినవారో, మద్దెల వాయించే ఇంట పుట్టినవారో కావచ్చు. మీకు తెలిసినది నాకంటే ఎక్కువే. పరీక్షకు రాసేటప్పుడు దాన్ని పక్కన పెట్టకండి.

8. సారాంశం

పాదధ్వని ప్రధానమైన నృత్యంలో నర్తకుడు సగం వాద్యకారుడు. వీధినాటకంలో ఆభరణాల బరువు వల్ల అభినయం కాలికి దిగింది. చెక్క భజనలో సమూహపు ఏకత్వమే విలువకు కొలత. తరంగంలో పళ్ళెం మీద నిలవడం కంటే కాలప్రమాణం ముఖ్యం. నర్తకుడు, గురువు, వాద్యకారుడు ఒకరి మీద ఒకరు ఆధారపడినా, గుర్తింపు నర్తకుడికే ఎక్కువగా దక్కింది. ముగ్గురినీ విని, ముగ్గురి పేర్లూ రాయడం విమర్శ చేయవలసిన మొదటి పని.

9. మాదిరి ప్రశ్నలు

అ. కింది వాటికి 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. వీధినాటకంలో కాలికి ఉన్న ప్రాధాన్యాన్ని కారణాలతో వివరించండి.
2. తరంగం గురించి ఈ పాఠంలో చెప్పిన అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా? చర్చించండి.

ఆ. కింది వాటికి 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. ముద్రిత సంగీతం వల్ల నర్తకుడి శిక్షణకు కలిగే నష్టం ఏమిటి?
2. చెక్క భజనను అంచనా వేయడానికి తగిన ప్రశ్న ఏది? ఎందుకు?

ఇ. కృత్యం: మీ ఊళ్ళో జరిగే ఒక ప్రదర్శనకు వెళ్ళండి. మొదటి పావుగంట వాద్యకారుణ్ణి మాత్రమే చూడండి. ఆయనను పలకరించి, ఎవరి దగ్గర నేర్చుకున్నారో, పగలు ఏం పని చేస్తారో అడిగి, ఒక పేజీ రాయండి. మొదటి వాక్యంలోనే ఆయన పేరు ఉండాలి.