లెక్కలోకి రాని ఆట

2013 ఆగస్టులో నేను ఒట్టావాలో మా అమ్మాయి దగ్గరున్నాను. ఆరు నెలల కోసం పిల్లల దగ్గరికెళ్ళిన తల్లిదండ్రుల దినచర్య తెలిసిందే కదా. పొద్దున నడక, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం మనవణ్ణి పార్కుకి తీసుకెళ్ళడం, మధ్యలో ఇండియాలో ఇప్పుడు టైమెంతని వేళ్ళు లెక్కపెట్టుకోవడం. ఆ రోజుల్లోకి బాస్కెట్‌బాల్ పక్క ఫ్లాటు బాల్కనీలోంచి దూరింది.

పక్కింటాయన తపాలా శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. ఆ ఊరి కార్ల్‌టన్ విశ్వవిద్యాలయం జట్టంటే ప్రాణం. ఒకరోజు పిట్టగోడ మీంచి వంగి, "సిరక్యూస్ వస్తోందండీ" అన్నారు, మగపెళ్ళివారు రైలు దిగుతున్నారన్నంత హడావిడిగా. అప్పటికింకా రెండు వారాలుంది.

సిరక్యూస్ విశ్వవిద్యాలయం అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో ఉంది. ఒట్టావా నుంచి కారులో నాలుగు గంటల లోపు ప్రయాణం. కాలేజీ బాస్కెట్‌బాల్‌లో మహా గడుసు జట్టు. ఆ ఏప్రిల్‌లోనే అమెరికా జాతీయ టోర్నీలో ఆఖరి నలుగురిలో నిలిచి వచ్చింది. 1976 నుంచి అప్పటిదాకా ఒకే కోచ్, జిమ్ బేహైమ్. ఇటు కార్ల్‌టన్ తక్కువదేం కాదు. 2003 నుంచి అప్పటిదాకా పదకొండేళ్ళలో 9 సార్లు కెనడా విశ్వవిద్యాలయాల ఛాంపియన్. కాకపోతే సరిహద్దు దాటితే ఆ పేరు ఎరిగినవాళ్ళు తక్కువ.

ఈ రెండు జట్ల మ్యాచ్ అసలు లెక్కలోకే రాదు. అమెరికా కాలేజీ జట్లు నాలుగేళ్ళకోసారి విదేశీ యాత్ర చేయవచ్చు. వెళ్ళే ముందు పది రోజులు అదనంగా ప్రాక్టీసు చేసుకోనిస్తారు. కోచ్‌లకి అసలు గిట్టుబాటు ఆ పది రోజులే. వేసవిలో ఆడే ఈ ఆటల గెలుపోటములు సీజన్ రికార్డుకి ఎక్కవు. సిరక్యూస్ అభిమానులూ ఎదురుచూస్తూనే ఉన్నారు, కానీ వాళ్ళ చూపంతా కొత్తగా చేరిన కుర్రాళ్ళ మీద. టైలర్ ఎన్నిస్ ఎలా ఆడతాడు, బంతి చేతికిస్తే జట్టుని నడుపుతాడా అని. టీజర్ చూసి సినిమా ఆడుతుందో లేదో తేల్చేసే మనవాళ్ళ లాంటివాళ్ళే. (ఎన్నిస్ కూడా కెనడా కుర్రాడే, బ్రాంప్టన్‌వాడు! పక్కింటాయనకి ఆ సంగతి మింగుడుపడలేదు.)

నాకు మా కాకినాడ కాలేజీ గుర్తొచ్చింది. నేను జట్టులో ఉండేవాణ్ణి, అంటే బెంచీ మీద. ఒక ఏడు సికింద్రాబాద్ నుంచి రైల్వే కుర్రాళ్ళు ఎక్కడికో టోర్నమెంటుకి పోతూ దారిలో మాతో ఒక ఆట ఆడతామన్నారు. వాళ్ళకది ఒళ్ళు సడలించుకోవడం. మాకు వారం ముందునుంచే తిండి సహించలేదు. సిమెంటు కోర్టు మీద సున్నంతో గీతలు మళ్ళీ గీశాం. రెండేళ్ళుగా వల లేని రింగులకి చందాలేసుకుని కొత్త వలలు కట్టాం. బంతి వలలోంచి దిగేటప్పుడు వచ్చే ఆ చప్పుడు మా కోర్టులో విన్నది అప్పుడే. చిత్తుగా ఓడిపోయాం. స్కోరు చెప్పను.

పక్కింటాయన ఎదురుచూడటం మాత్రం మాలాగ కడుపులో తిప్పటం కాదు. అదొక విద్య. బాల్కనీ బల్ల మీద ఐదు పెన్నీలు పేర్చారు, ముందు రెండు, వెనక మూడు. ఆ ఫిబ్రవరిలోనే కెనడా ఒక్క సెంటు నాణేల పంపిణీ ఆపేసింది. కొట్టువాళ్ళే చిల్లర సరిచేసి వేస్తుంటే ఈయన దగ్గర సీసాడు మిగిలాయి. ఆ ఐదూ సిరక్యూస్. బేహైమ్ పేరు చెబితే గుర్తొచ్చే 2-3 జోన్ అది. మనిషికి మనిషి కాపలా కాయరు, ఎవరి చోటు వాళ్ళు కాస్తారు. ఎదురుగా ఐదు డాలరు బిళ్ళలు కార్ల్‌టన్. బంతికి బదులు ఒక చొక్కా గుండీ.

"ఇదుగో, ఇక్కడ చూడండి" అంటూ ముందు రెండింటికీ వెనక మూడింటికీ నడుమ, ఫ్రీ త్రో గీత దగ్గర వేలు పెట్టారు. జోన్‌కి ఆయువుపట్టు అదే. అక్కడ బంతి అందుకుంటే వెనక మధ్యవాడు ముందుకి రావాలి. వస్తే రింగు కింద ఖాళీ, రాకపోతే అక్కణ్ణుంచే షాట్. పక్కవాళ్ళు సాయానికి లోపలికి జరిగితే మూలన నిలబడ్డ కార్ల్‌టన్ కుర్రాడు ఫిలిప్ స్క్రబ్‌కి బంతి. వాడి చేతికి దూరం ఒక లెక్క కాదు. అన్న థామస్ కూడా అదే జట్టు. రోజూ సాయంత్రం గుండీ ఒక కొత్త దారిలో తిరిగేది. మా మనవడు ఒకసారి ఆ గుండీని నోట్లో వేసుకుని ఆటకి విరామం ప్రకటించాడు.

నిబంధనలూ ఆయన లెక్కలో ఉన్నాయి. కెనడా విశ్వవిద్యాలయాలు అంతర్జాతీయ సమాఖ్య ఫిబా నిబంధనలతో ఆడతాయి, షాట్ వేయడానికి 24 సెకన్లు. అప్పట్లో అమెరికా కాలేజీ కుర్రాళ్ళకి 35. ఇంకోటి, ఫిబాలో బంతి రింగుకి తగిలాక పైన తచ్చాడుతుంటే ఎవరైనా చేత్తో తట్టేయవచ్చు. అమెరికా కాలేజీ ఆటలో అది తప్పు. "చిన్నప్పట్నుంచీ వద్దని నేర్పిన పని చేయడానికి చెయ్యి లేవదండీ" అన్నారాయన.

నడిమధ్య ఆదివారం మా అమ్మాయి ఆల్‌మోంట్ తీసుకెళ్ళింది, యాభై కిలోమీటర్లుంటుంది. బాస్కెట్‌బాల్ కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ ఆ చుట్టుపక్కలే పుట్టి పెరిగాడు. బెంచీ మీద కూర్చున్నట్టు కంచు విగ్రహం ఉంది. చిన్నప్పుడు అక్కడి పిల్లలు ఒక బండ మీద రాయి పెట్టి, దానికొకణ్ణి కాపలా ఉంచి, దూరం నుంచి రాళ్ళు విసిరి దాన్ని పడగొట్టేవారట. మన ఏడుపెంకులాటకి దూరపు చుట్టం. గట్టిగా విసిరితే రాయి ఎక్కడో పోయి పడుతుంది, తెచ్చుకునేలోగా కాపలావాడికి దొరికిపోతావు. పైకెత్తి మెత్తగా వేస్తే దగ్గరే పడుతుంది. 1891లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మంచుకాలానికి నాలుగు గోడల మధ్య ఆడే ఆట కావాలన్నప్పుడు ఆయనకి ఆ మెత్తటి విసురే గుర్తొచ్చింది. అందుకే బుట్టని తలల పైన బిగించాడు. తిరిగొచ్చి ఇదంతా చెబితే పక్కింటాయన, "మరి! ఆట మాది, వాళ్ళది అరువు" అన్నారు.

ఆ ఆగస్టులోనే విస్కాన్సిన్ వస్తే కార్ల్‌టన్ 95-82తో ఓడించింది. ఆ విస్కాన్సినే మరుసటి ఏప్రిల్‌లో జాతీయ టోర్నీ ఆఖరి నలుగురిలో నిలిచింది. సిరక్యూస్‌తో మాత్రం ఆట సమమై ఓవర్‌టైమ్‌కి వెళ్ళింది. 69-65, సిరక్యూస్ గెలిచింది. మ్యాచ్ చూసి ఇంటికొచ్చేదాకా పక్కింటాయన కారులో ఒక్క మాటా మాట్లాడలేదు. నేనూ రేడియో పెట్టమనలేదు.

మర్నాడు పొద్దున నడకకి బయల్దేరుతూ చూశాను. బల్ల మీద నాణేలు అలాగే ఉన్నాయి. వెనక వరసలో మధ్య పెన్నీని ఒక అంగుళం ముందుకి జరిపారు. గుండీ మూలన ఉంది. ఆయన కాఫీ చల్లారిపోతోంది.