పెన్సిలూ, బీడీల చాటా

వర్జీనియా వుల్ఫ్ 1927లో ‘స్ట్రీట్ హాంటింగ్’ అనే వ్యాసం రాసింది. చలికాలం సాయంత్రం ఒకామె పెన్సిలు కొనుక్కునే నెపంతో ఇంటి నుంచి బయటపడి, లండన్ వీధులన్నీ తిరిగి ఇల్లు చేరుతుంది. ఎం.ఏ.లో చదివినప్పుడు ఆ పెన్సిలు నాకు ముచ్చటగా అనిపించింది. చాలా ఏళ్ల తర్వాత అదే ఊళ్లో ఒక రోజంతా ఒంటరిగా నడిచాక గానీ దాని బరువు తెలియలేదు.

సదస్సుకు వెళ్లిన నాకు ఒక రోజు ఖాళీ దొరికింది. 1924 నుంచి 1939 దాకా వుల్ఫ్ ఉన్న టావిస్టాక్ స్క్వేర్ దగ్గర మొదలుపెట్టాను. ఆ ఇల్లు 1940లో బాంబు దాడిలో పోయింది. తోటలో ఆమె శిల్పం ఉంది. అక్కడి నుంచి స్ట్రాండ్, వైట్‌హాల్. ఎటు పోతున్నావని ఎవరూ అడగలేదు. అయినా చేతిలో మ్యాపును వదల్లేకపోయాను. దారి తెలియక కాదు, పనున్న మనిషినని చూపించుకోవడానికి. నా పెన్సిలు అదే!

వైట్‌హాల్ నడిమధ్య, రెండో ప్రపంచ యుద్ధకాలంలో పనిచేసిన స్త్రీల కోసం 2005లో పెట్టిన కంచు స్మారకం ఉంది. దాని చుట్టూ 17 జతల దుస్తులు కొక్కేలకు వేలాడుతున్నాయి. లోపల మనుషులు లేరు. ఇంకొంచెం నడిస్తే పార్లమెంట్ స్క్వేర్. అక్కడ మొదటి స్త్రీ విగ్రహం, మిల్లిసెంట్ ఫాసెట్‌ది, వచ్చింది 2018లోనే. ఆ ఖాళీ బట్టల ముందు నిలబడితే నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

ఆర్మూరులో మా అమ్మ నడవని గల్లీ లేదు. తునికాకు, తంబాకు తెచ్చుకోవాలి, చుట్టిన బీడీలు ఖార్ఖానాలో అప్పజెప్పాలి. చంకలో చాట లేకుండా ఆమె నడవడం నేను చూడలేదు. సిద్ధుల గుట్ట ఎప్పుడైనా ఊరికే ఎక్కావా అనడిగితే, “ఊకెనే ఎవలెక్కుతరే? మొక్కుంటె ఎక్కుతరు గని” అంది.

వుల్ఫ్‌కీ సాకు కావాలి, అమ్మకీ సాకు కావాలి. రెండూ ఒకటేనని రాసేస్తే వ్యాసం అందంగా ముగుస్తుంది. కానీ ఒకటి కావు. పెన్సిలు ఆమె కళ్లు తెరిపిస్తుంది. చాట అమ్మ చూపును కాలిబాట మీదికి వంచేస్తుంది. పైగా వుల్ఫ్ దారిలో కనబడ్డ చెప్పుల దుకాణంలోని పొట్టి స్త్రీ, అంధులు, దిక్కులేని వృద్ధురాలు ఆమె ఊహకు ముడిసరుకవుతారు. వాళ్లు ఆమెను ఏమనుకున్నారో ఆ వ్యాసంలో లేదు.

లండన్‌ను తెలుగు స్త్రీ చూడటం కొత్తేం కాదు. పోతం జానకమ్మ రాఘవయ్య ఇంగ్లండు యాత్ర 1876లోనే మద్రాసులో ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చింది. పరాయి దేశం చూసి రాసే స్త్రీ మనకు నూటయాభై ఏళ్లుగా ఉంది. సొంత ఊళ్లో ఊరికే నడిచే స్త్రీ మాత్రం ఇంకా అరుదే.

తిరిగొచ్చాక, పసుపు తవ్వే రోజుల్లో, ఆర్మూరులోనూ అలాగే నడుద్దామని బయల్దేరాను. బజారు దాటేలోపే నలుగురు అడిగారు: “ఎటు పోతున్నరు మేడం?” ఊరి చివర కల్లంలో ఉడకబెట్టిన పసుపు ఆరుతోంది. కొమ్ములూ మండలూ వేరుచేస్తున్న ఆడవాళ్లను చూస్తూ నిలబడ్డాను. ఒకామె తలెత్తి, “ఏం చూస్తున్నవక్కా, కూలికొస్తవా?” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, సిగ్గుపడుతూనే. వుల్ఫ్ వ్యాసంలో లేని ప్రశ్న అది.

“ఊకెనే వచ్చిన” అన్నాను.

“ఊకెనేనా!” అని ఆమె మళ్లీ కొమ్ముల మీదికి వంగింది.

ఆ మాట ఆమె కూడా అనగలగాలంటే ఆమె కూలి ఎంత పెరగాలి, ఇంటిపనిలో ఎవరు ఎంత పంచుకోవాలి? ఈ లెక్క వేయకుండా స్త్రీల నడక గురించి మనం రాసే విమర్శ సగమే. నేను ఇంతకాలం రాసిందీ సగమే.