వేళ్లతో కొలిచే పని

పాత బుల్లెట్‌కి ట్యాపెట్లు సెట్ చేయడం తెలిసిన మెకానిక్‌ని నేను ఊరికే మెచ్చుకోను. పని చూశాకే మెచ్చుకుంటాను.

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. కుడివైపున్న ట్యాపెట్ కవర్ విప్పితే రెండు పుష్‌రాడ్ల అడుగుభాగాలు కనిపిస్తాయి. పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోక్‌లో పైకి తెచ్చి ఆపాలి. అప్పుడు రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి. ఇక లాక్‌నట్ వదులు చేసి అడ్జస్టర్ తిప్పుతూ రాడ్‌ని రెండు వేళ్లతో పట్టి చూస్తాడు. అది సులువుగా తిరగాలి, కానీ పైకీ కిందికీ ఆడకూడదు. ఆ రెండింటి మధ్య ఉన్న చోటు వెంట్రుకవాసి. ఇక్కడ ఫీలర్ గేజ్ లేదు, వేళ్లదే తీర్పు. చివర్లో ఇంకో చిక్కు: లాక్‌నట్ బిగిస్తుంటే సెట్టింగ్ కాస్త జరుగుతుంది. మంచివాడు బిగించాక మళ్లీ తిప్పి చూస్తాడు. చూడనివాడి దగ్గరికి నేను మళ్లీ వెళ్లను.

వదులైతే టకటక చప్పుడు, అంతే; చెవికి తెలిసిపోతుంది. బిగువైతేనే ప్రమాదం. చప్పుడుండదు, కానీ వాల్వ్ సీటు మీద పూర్తిగా కూర్చోదు. ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిని చాలావరకు ఆ సీటుకే వదలాలి కదా, వదలలేక అంచు కాలిపోతుంది. చప్పుడు లేని బండిని మెచ్చుకునే ఓనర్లకు ఇది చెప్పడం కష్టం.

తర్వాత వచ్చిన యూసీఈ (యూనిట్ కన్‌స్ట్రక్షన్) ఇంజన్లలో హైడ్రాలిక్ ట్యాపెట్లు ఈ పని తామే చూసుకుంటాయి. పాత బండి ఉన్నవాళ్లు మాత్రం ముందురోజు రాత్రే షెడ్డులో వదిలి రండి. వేడి ఇంజన్ మీద చేయమని తొందరపెట్టకండి.