గ్యారీ కూపర్ నడిపిన డ్యూసెన్‌బర్గ్

2018 ఆగస్టులో కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్ వేలంలో ఒక పాత కారు 2 కోట్ల 20 లక్షల డాలర్లు పలికింది. అమెరికాలో తయారైన ఏ కారుకూ వేలంలో అప్పటిదాకా అంత ధర రాలేదు. అది 1935 నాటి డ్యూసెన్‌బర్గ్ ఎస్‌ఎస్‌జె. ఆ రకం రెండంటే రెండే తయారయ్యాయి. ఒకటి గ్యారీ కూపర్‌కి, ఇంకొకటి క్లార్క్ గేబుల్‌కి నడుపుకోవడానికిచ్చారు. ధర వినగానే అందరికీ ముందు గుర్తొచ్చేది ఆ హాలీవుడ్ తారలే. కానీ ఆ కారును గొప్పది చేసినవాళ్ళు పనివాళ్ళు.

ఆ రోజుల్లో డ్యూసెన్‌బర్గ్ కొనడమంటే ముందు ఛాసిస్ కొనడం. 1928 డిసెంబరులో న్యూయార్క్‌లో ఎస్‌ఎస్‌జె కి మూలమైన మోడల్ జె ని ప్రదర్శించినప్పుడు ఉత్త ఛాసిస్ ధరే 8,500 డాలర్లు. బాడీ ఖర్చు వేరే. పాసడీనాలో మర్ఫీ, న్యూయార్క్‌లో రోల్‌స్టన్ లాంటి బాడీ బిల్డర్లు యజమాని అభిరుచిని బట్టి దాన్ని కట్టి ఇచ్చేవారు. లారీ ఛాసిస్ కొని విజయవాడ ఆటోనగర్‌కు తోలుకెళ్ళే మన యజమానులకు ఈ ఏర్పాటు కొత్తేమీ కాదు.

బాడీ లోపల ఉండేది కర్ర చట్రం. దానిమీద రేకును చేత్తో సాగగొట్టి, వంపులు తేల్చి బిగించేవారు. కన్వర్టిబుల్ అయితే పని మరీ కష్టం. పైన గట్టి కప్పు ఉండదు కాబట్టి గతుకుల్లో బాడీ మెలితిరుగుతుంది, తలుపులు సరిగా పడవు. ఆ ఒత్తిడంతా కింది ఫ్రేమే తట్టుకోవాలి. మోడల్ జె ఫ్రేముకు 8 అంగుళాలకు పైగా ఎత్తున్న ఉక్కు పట్టాలు వేశారు. మర్ఫీ పనివాళ్ళు కట్టిన కన్వర్టిబుళ్ళలో ముందు అద్దానికి అటూ ఇటూ ఉండే స్తంభాలు సన్నగా ఉంటాయి. డ్రైవరు చూపుకు అడ్డురావు. మడిచిన టాపు రేకు మూత కింద పూర్తిగా దాగిపోతుంది. చూడ్డానికి చిన్న విషయాలే, కానీ పనితనమంతా అక్కడే ఉంది.

ఇక ఇంజను. వరసగా ఎనిమిది సిలిండర్లు, ఒక్కోదానికి నాలుగు వాల్వులు, 6.9 లీటర్లు. ఫ్రెడ్ డ్యూసెన్‌బర్గ్ డిజైన్‌కు లైకమింగ్ కంపెనీ రూపమిచ్చింది. మామూలు మోడల్ జె శక్తి 265 హార్స్‌పవర్ అని కంపెనీ ప్రకటించింది. సూపర్‌చార్జర్, రెండు కార్బురేటర్లు తగిలించిన ఎస్‌ఎస్‌జె ది 400. పైగా చక్రాల మధ్య దూరాన్ని 142.5 అంగుళాల నుంచి 125కు తగ్గించారు. ఇలాంటి ఇంజనున్న కారునే 1935లో రేసర్ ఆబ్ జెంకిన్స్ బాన్విల్ ఉప్పు మైదానంలో 24 గంటలపాటు సగటున గంటకు 135 మైళ్ళ వేగంతో నడిపాడు. అందంతోపాటు దమ్మూ ఉందని ఇంతకంటే రుజువేం కావాలి?

ఆ ఇద్దరు తారల్లో కూపర్ తన బండిని తర్వాత కొనుక్కున్నాడు. గేబుల్ కొనలేదు. ప్రసిద్ధుడి పేరు వల్ల కారుకు నిజంగా జరిగిన మేలు ఒకటుంది. తర్వాతి కాలంలో చాలా డ్యూసెన్‌బర్గ్‌ల బాడీలు మార్చేశారు. ఇంజను ఒక బండిది, ఛాసిస్ ఇంకో బండిది అయిపోయింది. కూపర్ కారు మాత్రం రేసర్, సేకర్త బ్రిగ్స్ కనింగ్‌హామ్ లాంటి శ్రద్ధగలవారి చేతుల్లో పడి, దాని చరిత్ర చెదరకుండా మిగిలింది.

1937తో కంపెనీ కథ ముగిసింది. ఇండియానాలోని ఆబర్న్‌లో, డ్యూసెన్‌బర్గ్ సోదర సంస్థ ఆబర్న్ కంపెనీ ఆనాటి షోరూములోనే ఇప్పుడు ఈ కార్ల మ్యూజియం ఉంది. ఆ దారిన వెళ్ళే తెలుగువాళ్ళు తప్పక ఆగి చూడండి.